తడవని తాటాకు దొప్ప

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. చింతచెట్టు కిందికి వెళ్లొద్దని ఇంట్లో ఆడవాళ్లు చెబితే పనిగట్టుకుని అక్కడే మంచం వేసుకునేవాణ్ణి. ఇప్పటికీ నేను పెద్దగా మారలేదు. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం ఎంత ఆలోచించినా కొరుకుడు పడలేదు.

అవి ప్రొహిబిషన్ రోజులు. నెల్లూరులో గొంతు తడుపుకోవాలంటే కాఫీ హోటలు, గోలీ సోడా, నన్నారి షర్బత్, అంతే. ఇంకాస్త ఘాటుగా కావాలంటే తిప్పలే. డబ్బున్నవాళ్లు డాక్టరు చేత రాయించుకుని పర్మిట్ తెచ్చుకునేవాళ్లు. లేనివాళ్లు మందుల షాపులో అల్లం టింక్చరు కొనుక్కుని కడుపునొప్పి నటించేవాళ్లు. ఊళ్లో అన్ని కడుపునొప్పులు నేను మళ్లీ చూడలేదు.

నాకూ ఏసోబుకూ మాత్రం ఒక చోటుండేది. విడవలూరు దారిలో కాలవ దాటితే తాటితోపు వస్తుంది. అక్కడ చెంచయ్య దొంగచాటుగా కల్లు గీసేవాడు.

నేను రైసు మిల్లులో గుమాస్తాను. మా మిల్లు పక్కనే ఏసోబు దర్జీ కొట్టు. క్రిస్మస్‌కీ, పెళ్లిళ్లకీ చొక్కాలు కుట్టేవాడు. మిగతా రోజుల్లో జువ్వలదిన్నె వెళ్లి పడవల తెరచాపలు కుట్టి వచ్చేవాడు. ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చోలేడు. నా నడక మీద, నా పొట్ట మీద, మిల్లు యజమాని అయిన మా ముతలాలి పిసినారితనం మీద ఏదో ఒకటి అని నవ్వించేవాడు. వాడు లేకపోతే నాకు ఆదివారం కూడా సోమవారంలాగే ఉండేది.

తాటితోపులో కల్లు ఒక్కడే తాగడం కుదరదు. గ్లాసులుండవు. లేత తాటాకును మడిచి పడవలాగా దొప్ప చేస్తారు. దాన్ని రెండు చేతులా పట్టుకుని గొంతుక్కూర్చుని ముఖం అందులో పెట్టాలి. ఇంకొకడు నిలబడి కుండ వంచాలి. అందుకే జతగాడు లేకుండా ఎవరూ తోపుకి వచ్చేవాళ్లు కాదు.

చెంచయ్యకి ఒక పద్ధతి ఉంది. గట్టు మీద ఎంతమంది వస్తున్నారో చెట్టుమీంచి చూసి, దిగి, అన్ని దొప్పలూ కుండా చెట్టు మొదట్లో పెట్టేవాడు. మేం తోపులోకి వచ్చేసరికి వేరే చెట్టెక్కి సముద్రం వైపు తిరిగి కూర్చునేవాడు. రేపు పోలీసులు పట్టుకుని అడిగితే, ఎవరు తాగారో నేను చూడలేదని ఒట్టేసి చెప్పడానికి. మేమందరం ఆ పద్ధతిని మెచ్చుకునేవాళ్లం.

ఆ ఏడాది ఏసోబు తాగుడు మానేశాడు. వాడి భార్య కరుణమ్మ బిడ్డను కోల్పోయి మంచం పట్టి లేచింది. బైబిలు మీద చెయ్యి పెట్టి ఇక ముట్టనని ఆమెకు మాటిచ్చాడు. అయినా నాకు పొయ్యడానికి తోపుకి వస్తూనే ఉండేవాడు. చెంచయ్య అలవాటుగా వాడికీ ఒక దొప్ప పెట్టేవాడు. వాడు దాన్ని తడపకుండా ఇంటికి తీసుకెళ్లి కరుణమ్మ చేతికిచ్చేవాడు. ఆమె వాసన చూసి గూట్లో పెట్టేది. మా ఇద్దరి మధ్యా అదొక పెద్ద వేళాకోళం.

ఆ శనివారం మిల్లు మధ్యాహ్నానికే కట్టేశారు. సైకిలు మీద వెళితే ఏసోబు కాలవ గట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. జువ్వలదిన్నె పని తొందరగా అయిపోయిందేమో అనుకున్నాను. సైకిలు నడిపించుకుంటూ వాడితో కలిసి తోపులోకి వెళ్లాను. ఎండ మండిపోతోంది. చెట్టు మొదట్లో కుండా, రెండు దొప్పలూ ఉన్నాయి.

వాడు పోశాడు, నేను తాగాను. ఎప్పటిలాగే ఒక్క చుక్క చొక్కా మీద పడనివ్వలేదు. ఆ రోజంతా నేనే మాట్లాడాను, మా ముతలాలిని తిట్టుకుంటూ. వాడు పెద్దగా మాట్లాడలేదు. అలిసిపోయాడనుకున్నాను.

లేచేటప్పుడు తన దొప్ప నాకిచ్చాడు.

"నేను ఇట్నించిటే పోవాల. ఇది కరుణమ్మకియ్యి. మర్చిపోబాకు రా" అన్నాడు.

సైకిలు సంచిలో పెట్టుకున్నాను. వాడు గట్టు మీద ఉత్తరంగా నడిచిపోయాడు. వాడి చెయ్యి చల్లగా ఉందా అని తర్వాత చాలామంది అడిగారు. నేను తాకలేదు.

పొద్దు వాలేసరికి ఊళ్లోకి వచ్చాను. ఏసోబు ఇంటి ముందు లారీ ఆగి ఉంది. జనం మూగి ఉన్నారు. లోపల చాప మీద ఏసోబు ఉన్నాడు.

ఆ ఉదయమే జువ్వలదిన్నె దగ్గర కాలవ దాటుతూ బల్లకట్టు మీంచి జారి పడ్డాడట. ఎండెక్కక ముందే శవాన్ని ఒడ్డుకు చేర్చారట. కూడా వచ్చిన చేపలవాళ్లు నలుగురూ అదే మాట చెప్పారు. నేను వెళ్లి అరుగు మీద కూర్చున్నాను.

జనం అప్పుడే తీర్పు చెప్పేశారు. తాగి పడ్డాడన్నారు. సముద్రం పక్కకి వెళ్లినవాడు సారా తాగకుండా వస్తాడా అన్నారు. కరుణమ్మ అన్నీ వింటోంది. ఏడవడం లేదు. మనిషి పోయిన బాధకంటే, మాట తప్పి పోయాడేమో అన్న అనుమానం ఆమెను ఎక్కువగా తినేస్తోంది.

నన్ను చూసి లేచి వచ్చింది.

"అన్నా, నీకు తెలవకుండా ఆయన తాగడు. తాగినాడా?"

నాకు తెలిసిన ఏసోబు మధ్యాహ్నం దాకా బతికే ఉన్నాడు. ఆ మాట అంటే నేనే తాగి వాగుతున్నానంటారు. సంచిలోంచి దొప్ప తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఎప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. "తాగలేదు" అంది. అప్పుడు ఏడ్చింది.

కాసేపటికి ఆకు అంచును గోటితో నొక్కింది. పసరు వచ్చింది.

"ఇది ఇయ్యాల కోసిన ఆకు గదన్నా" అంది.

మర్నాడు పెట్టె మూసే ముందు ఆ దొప్పను ఏసోబు చేతుల కింద పెట్టింది.

తర్వాత చెంచయ్యను అడిగాను. "గట్టు మీద ఇద్దరు వస్తాండారని రెండు పెట్టినా. ఆపైన నేను చూడను గదా సామీ" అన్నాడు. మమ్మల్ని అన్నేళ్లు కాపాడిన ఆ పద్ధతే నాకు సాక్షి లేకుండా చేసింది.

ఎండ దెబ్బ అనుకుందామని చూశాను. కల్లు మత్తు అనుకుందామని చూశాను. కానీ రెండు చేతులా దొప్ప పట్టుకున్న నాకు కుండ ఎవరు వంచారో ఆ రెండూ చెప్పవు.

కొన్నేళ్లకి ప్రొహిబిషన్ ఎత్తేశారు. వీధికో దుకాణం వచ్చింది. ఎక్కడికి వెళ్లి తాగాలని అడిగేవాళ్లే లేరు. ఎవడి గ్లాసు వాడే నింపుకుంటున్నాడు. నేను మాత్రం మళ్లీ ముట్టలేదు. నాకది నీతీ కాదు, భయమూ కాదు. పోసేవాడు లేడు.

నన్ను బాధించేది ఒక్కటే. వాడు పోస్తున్నంతసేపూ నా ముఖం దొప్పలోనే ఉంది. తలెత్తి వాణ్ణి ఒక్కసారి సరిగ్గా చూసుకోలేదు.