పోలెండు సంచీ, అమ్మ కాఫీ

మా చెల్లెలి కూతురు పోలెండులో డాక్టరు కోర్సు చదువుతోంది. ఏలూరులో మా వీధి మొత్తానికీ ఆ సంగతి తెలుసు, ఎందుకంటే చెప్పింది నేనే. ఆ చదువును నా మీదే ప్రయోగిస్తుందని మాత్రం అప్పట్లో అనుకోలేదు.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కిందటేడు వేసవిలో మెషిన్ తొక్కుతుంటే కాసేపటికే ఆయాసం రావడం మొదలైంది. ఎండ వల్ల అనుకున్నాను, తర్వాత వయసు అనుకున్నాను, చివరికి మెషినే బిగుసుకుపోయిందని దానికి నూనె పోశాను. డాక్టరు గారు పరీక్షలు చేసి, గర్భసంచిలో గడ్డలున్నాయనీ, అందుకే నెలనెలా అంత రక్తం పోతోందనీ, ఆపరేషన్ తప్పదనీ చెప్పారు. అయితే ఒంట్లో రక్తం ఏడున్నరే ఉంది. పది దాటితేగాని ఆపరేషన్ చేయనన్నారు. రక్తం పోవడం తగ్గడానికి ఒక మాత్ర, పట్టడానికి ఒక ఐరన్ మాత్ర రాసి, నెల తర్వాత రమ్మన్నారు.

పైకి ధీమాగా ఉన్నాను గానీ నాకు చచ్చేంత భయం వేసింది. రక్తం పెరగకపోతే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ జరగకపోతే ఉన్న రక్తమూ నిలవదు. రాత్రి పడుకుంటే అదే ఆలోచన.

సరిగ్గా అప్పుడే సెలవులకు తాడేపల్లిగూడెంలో వాళ్ళమ్మ దగ్గరకు వచ్చిన మా పిల్ల, మర్నాడే రైలెక్కి నా దగ్గరకొచ్చింది. చాక్లెట్లు తెచ్చిందేమోనని ఆశగా సంచీ విప్పాను. ఎండిన నల్లటి పండ్లు ఒక పొట్లం, మూడు మూలల గింజలు ఒక పొట్లం, అవిసె గింజలు ఇంకో పొట్లం.

"అన్నీ అక్కడ పండేవే పెద్దమ్మా. ఈ పండ్లు అరోనియా, రక్తనాళాలకి మంచివంటారు. ఈ గింజలు బక్‌వీట్, బలం. అవిసెలు గుండెకి. బీట్‌రూట్ పులియబెట్టి ఆ నీళ్ళు తాగుతారు, అది కడుపుకి. కొట్లలో సూపర్‌ఫుడ్ అని రాసి అమ్ముతున్నారు గానీ, మా ఇంటి ఓనరమ్మ మాత్రం ఇందులో సూపర్ ఏముంది, మా అమ్మ రోజూ వండేదే కదా అంటుంది."

"మరి రక్తానికో?"

"రక్తానికి మాత్రే. ఇవన్నీ దానికి తోడు. మాత్రతోపాటే గుప్పెడు పండ్లు తినెయ్యి."

మాత్ర సంగతి నాకు సరిగ్గా చెవికెక్కలేదు. అంత దూరం నుంచి వచ్చిన పండ్లు ఊరికే పోతాయా అనుకున్నాను.

నన్ను చూసుకోవడానికి అమ్మ అప్పటికే కలిదిండి దగ్గర మా ఊరి నుంచి వచ్చి ఉంది. ఆవిడా ఉత్త చేతులతో రాలేదు. పొన్నగంటి కూర, మునగాకు, తామర గింజలు, ఎండబెట్టిన కొల్లేటి చిన్న చేపలు తెచ్చింది. పోలెండు సంచీని చూసి మూతి ముడిచింది. ఆ రోజు నుంచి నా పొట్ట మీద పోటీ మొదలైంది. పొద్దున్న మనవరాలి గింజలు, మధ్యాహ్నం అమ్మమ్మ ఆకుకూర. బక్‌వీట్‌ని నానబెట్టి రుబ్బి, జీలకర్ర వేసి అట్టు పోసింది అమ్మ. అల్లప్పచ్చడితో మూడు తిన్నాను. బాగుందంటే ఇద్దరిలో ఎవరి పక్షమంటారోనన్న భయంతో మాత్రం నోరు విప్పలేదు.

బీట్‌రూట్ ముక్కలు, వెల్లుల్లి, ఉప్పు నీళ్ళలో వేసి పిల్ల గాజు సీసాలో పెట్టింది. మూడో రోజు అమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఇది మన తరవాణేనే. మా అత్తగారు గంజీ అన్నమూ కుండలో వేసి పులవబెట్టేవారు. వేసవంతా పొద్దున్నే అదే మాకు."

ఇక ఆ సీసా ఆవిడ సొంతమైపోయింది. ఎర్రటి నీళ్ళను కుండలోకి మార్చి, ఆవాలు, ఎండుమిరపకాయ తాలింపు పెట్టింది. పిల్ల ఫొటో తీసి పోలెండు ఓనరమ్మకు పంపితే, ఆ పైన తేలుతున్నవేమిటని ఆవిడ కంగారుగా అడిగిందట.

నెల తిరిగింది. నా బుగ్గలు నున్నబడ్డాయని అమ్మ, కళ్ళలో కళ వచ్చిందని పిల్ల. ఇద్దరూ నా వెంట హాస్పిటల్‌కి వచ్చారు. రిపోర్టులో ఏడు పాయింట్ ఏడు అని ఉంది.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ డాక్టరు గారి దగ్గరకు జరిగింది.

"ఏవండీ డాక్టరు గారూ, మేం లోపమేం చెయ్యలేదండి. ఆకుకూరలు పెట్టానండి, చేపలు పెట్టానండి, పోలెండు పండ్లు కూడా పెట్టామండి."

"మాత్ర దేంతో వేసుకుంటున్నారు?"

"కాఫీతోనండి. నీళ్ళతో అయితే వికారమంటందండి. నేనే చిక్కగా కలిపి ఇస్తానండి. ఏది తిన్నా పైన కాస్త కాఫీ పడాలి కదండీ."

డాక్టరు గారు కలం కింద పెట్టారు. కాఫీ, టీ పొట్టలో ఉంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని, మాత్రకు ముందూ వెనకా రెండు గంటలు వాటి జోలికి పోవద్దని చెప్పారు. మా పిల్ల ముఖం కందిపోయింది.

"అరోనియా వగరు కూడా అంతే కదండీ," అంది నెమ్మదిగా. "మాత్రతోపాటు తినమని నేనే చెప్పానండి."

ఆటోలో ఇద్దర్నీ కడిగేశాను. ఒకరు కాబోయే డాక్టరు, ఒకరు నలుగుర్ని కని పెంచిన మనిషి, కలిసి నా నెల రోజుల్ని కాఫీలో కలిపారు అన్నాను. పిల్ల సారీ చెప్పింది. అమ్మ మాత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది:

"నా చేత్తోనే నీకు రక్తం పట్టకుండా చేశానే."

నా కోపం అక్కడే చచ్చిపోయింది. పోనీలే అమ్మా అన్నాను గానీ, ఆవిడకది వినిపించినట్టు లేదు.

ఆ తర్వాత కొత్త పద్ధతి. తెల్లారగానే నిమ్మరసంతో మాత్ర. ఆకుకూర మీద నిమ్మకాయ. నల్ల పండ్లు సాయంత్రానికి మారాయి. కాఫీ పదింటికి ఒక్కటే, అదీ అరగ్లాసు. అమ్మ గడియారం కింద కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేది. తొమ్మిదీ యాభైకి బతిమాలితే పది కొట్టనీ అనేది. పిల్ల పోలెండు వెళ్ళిపోయినా రోజూ వీడియో కాల్‌లో హాజరు వేసేది.

రెండు నెలలకు పది పాయింట్ మూడు. ఆపరేషన్ బాగా జరిగింది.

మూడో రోజు కాఫీ తాగొచ్చన్నారు. అమ్మ ఫ్లాస్కుతో వచ్చింది. నర్సు అప్పుడే ఐరన్ మాత్ర వేసి వెళ్ళిందని తెలిసి, ఫ్లాస్కును మంచం కింద పెట్టేసింది. ఇంతలో పిల్ల వీడియో కాల్ చేసింది.

"అమ్మమ్మా, ఇవాళైనా తాగుతావా?"

ఏం తాగడమని అడిగాను. డాక్టరు గారు కాఫీ సంగతి చెప్పిన రోజు నుంచి అమ్మ కాఫీ ముట్టలేదట. నాకు చెప్పొద్దని పిల్ల చేత ఒట్టు వేయించుకుందట. పొద్దున్న లేవగానే కాఫీ పడకపోతే తల పట్టుకుని కూర్చునే మనిషి.

"ఎందుకే అమ్మా?" అన్నాను.

"నీకు పది రాకుండా నాకెలా దిగుతుందే."

"పది వచ్చి పది రోజులైంది కదా."

"వస్తే సరా? నువ్వు లేచి కూర్చోవద్దూ."

రెండు గంటలూ గడిచాక ఫ్లాస్కు మూత తిప్పింది. తెచ్చింది ఒక్కటే గ్లాసు. నాకు పోసింది. సగం తాగి గ్లాసు ఆవిడ చేతికిచ్చాను. అమ్మ ఒక గుక్క తాగి, పంచదార ఎక్కువైందంది.