సాకర్ చొక్కాలు

ఆ మధ్యాహ్నం గద్వాల స్టేషన్‌లో నేను ఒకచోట కూర్చోలేకపోయాను. పేపరు తెరవడం, 'సాకర్' అన్న మాట దగ్గర ఆగడం, మడిచి ప్లాట్‌ఫారం చివరిదాకా నడవడం. వనపర్తి బడిలో ఇంగ్లీషు పంతుల్ని. అది గుర్రాల మీద ఆడే ఆట అని పిల్లలకు చెప్పేశాను. చెప్పినప్పటినుంచీ అనుమానం.

బెంచీ మీద మూటతో కూర్చున్న పెద్దాయన, "ఏంది సారూ, గంత పరేషాన్?" అన్నాడు. సికింద్రాబాద్‌లో దొరల పటాలానికి బట్టలుతికేవాడట. ఆ మాట గురించి అడిగాను.

"గది ఫుట్‌బాలే సారూ. సిపాయిలు ఫుట్‌బాల్ అంటరు, పెద్ద దొరలు సాకర్ అంటరు. నేను గూడ రెండాటలనుకొని, ఏడాది దాక ఆ చొక్కాలు రెండు బట్టీలల్ల ఉడకేసిన. రెండిట్ల బురద ఒక్కటే గదా అని మా ఆమె చెప్పింది. మీకెవ్వరు చెప్పలేదా?"

చెప్పాడు, మా డ్రిల్లు మాస్టరు. ఇంగ్లీషు రానివాడికేం తెలుసని పిల్లలందరి ముందూ నవ్వాను.

"చెప్పిండు" అన్నాను.

ఆయన మూట జరిపి పక్కన చోటిచ్చాడు. సోమవారం బడిలో డ్రిల్లు మాస్టరు ముందు నిలబడేదాకా, నేనెక్కడా స్థిమితంగా కూర్చున్న గుర్తు లేదు.