మేకులు కొట్టిన వంటింటి కిటికీ

ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో పాత రేవు వెనక ఇరుకు సందులో ఉంది వగిరా అవ్వ వంటిల్లు. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ఆ ఇంటి ముందు గదిలో అద్దెకుంటూ, సందులోని వంటిళ్లలో వేడి ఎలా నిలిచిపోతుందో నేను అధ్యయనం చేస్తున్నాను. అవ్వ వంటింట్లో వేడిగాలి పెంకుల కింద చేరి, బయటికి దారి లేక, వండే మనిషి తలమీదికే దిగేది. ఉన్న ఒక్క కిటికీకి చెక్క అడ్డంపెట్టి మేకులు కొట్టి ఉంది. దొంగల భయమనుకున్నాను.

ఒక మధ్యాహ్నం రొయ్యల ముద్ద వేయిస్తూ అవ్వ పొయ్యి దగ్గరే సొమ్మసిల్లింది. కోడలు సుర్తినా ముఖాన నీళ్లు చల్లి కూర్చోబెట్టింది.

“ఇక చాలు అత్తయ్యా. ఈ పొయ్యి తీసేద్దాం. కూరలు సందు చివర కొట్లో తెచ్చుకుందాం. మీ అబ్బాయి కూడా అదే అంటున్నారు.”

“ఆ కొట్టు కూరలా? వాటికంటే సొమ్మసిల్లడమే నయం!”

మాట వేళాకోళంగానే వచ్చింది గానీ, అవ్వ చేయి పొయ్యి గట్టును వదలలేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ ఇంట్లో తనదని ఆమె చెప్పుకున్నది ఆ పొయ్యి ఒక్కటే.

“పొయ్యి తీయనక్కర్లేదు. పైన రెండు పెంకులు ఎత్తి, కిటికీ తెరిస్తే చాలు. చల్లగాలి ఇటు వస్తుంది, వేడి అటు పోతుంది,” అన్నాను.

“పెంకులు ఎత్తండి. కిటికీ జోలికి మాత్రం పోవద్దు,” అంది అవ్వ.

కిటికీ అవతల కస్మినా ఇల్లు. మా సందులో వంట వాసన గోడ దాటితే, దాని వెనకే పళ్లెమూ దాటాలి. అవ్వా, కస్మినా ఏళ్ల తరబడి ఆ కిటికీలోంచే పళ్లేలు అందించుకున్నారు. తరవాత కస్మినాకు గుండెజబ్బు వచ్చింది. ఉప్పు, నూనె, కొబ్బరిపాలు వద్దన్నారు వైద్యులు. అప్పుడే అవ్వ కిటికీకి మేకులు కొట్టించింది.

“పెట్టలేనిదాని వాసన ఎలా పంపనే తల్లీ? ఆవిడ చప్పటి గంజి తాగుతుంటే, నేనిక్కడ వేపుళ్లు ఘుమఘుమలాడించనా?” అంది కోడలితో.

ఆ సంగతి అవ్వ కస్మినాతో ఎన్నడూ అనలేదు. అంటే ఆమె లోటును ఎత్తి చూపినట్టవుతుంది.

సుర్తినా పక్కింటికి వెళ్లి ఆ మాట చెప్పేసింది. కాసేపటికి కస్మినా కర్ర ఊతంతో గుమ్మంలో నిలబడింది.

“నా మీద కోపమనుకున్నాను కదే! ప్రతి రంజాన్ పండక్కీ వచ్చి, తప్పులుంటే మన్నించమని చేతులు పట్టుకున్నాను. మన్నించానంటావు. కిటికీ చూస్తే మూసే ఉంటుంది!”

“పండక్కి అందరూ అనే మాటేగా అక్కా. నువ్వు నిజంగా అడుగుతున్నావని నాకేం తెలుసు?”

“తినొద్దన్నారు గానీ వాసన చూడొద్దన్నారా, మొద్దుదానా? పొద్దున్నే మంచం మీద నాకు తోడుండేది నీ తాలింపు వాసనే.”

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొగ వల్లనేనని సుర్తినాతో చెప్పింది. పొయ్యి అప్పటికే ఆరిపోయి ఉంది.

సాయంత్రం కొడుకు మేకులు పీకి, పెంకులు ఎత్తాడు. మర్నాడు అవ్వ పులియబెట్టిన సోయాగింజల టెంపే ముక్కలు అరటాకులో చుట్టి, ఉప్పు వేయకుండా ఆవిరి మీద ఉడికించింది. పొగ సన్నగా పైకి వెళ్లిపోతోంది. ఆమె నుదుట చెమట పట్టలేదు.

“చప్పగా ఉంటుంది, తిట్టుకోకు,” అంటూ కిటికీలోంచి పళ్లెం అందించింది.

“తిడతానే. తిడితేనేగా రేపు ఇంకాస్త బాగా వండుతావు.”

పళ్లెం గుప్పెడు నిమ్మాకులతో తిరిగొచ్చింది. పొయ్యి తీసేసే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.