పడిపోవాల్సిన వరస

కాలేబు ఎడమచేతి చిటికెన వేలు ముడుచుకోదు. డ్రమ్ము పుల్ల పట్టుకున్నప్పుడు అది పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు అదేదో స్టైలనుకుని తమ వేలు కూడా అలాగే పెడతారు. అతను పుల్లతో ఆ వేలి మీద ఒక్కటిస్తాడు. తన వేలికి ఏమైందో మాత్రం చెప్పడు. ఆ రోజు మైదానం అంచున పానా పట్టుకుని నిలబడ్డాను కాబట్టి నేను చెబుతాను.

కెనడాలోని కిచెనర్‌లో మాది ఐరన్‌వుడ్ అనే డ్రమ్ కోర్. బాకాలవాళ్లు, డ్రమ్ములవాళ్లు, జెండాలవాళ్లు కలిసి ఫుట్‌బాల్ మైదానం మీద నడుస్తూ, ఆకారాలు కడుతూ వాయిస్తారు. ప్రదర్శన పది నిమిషాలు. జడ్జిలు స్టాండ్ల పైన కూర్చుని మార్కులు వేస్తారు. సామాన్లు బాగుచేయడం, ఇనప చట్రాలు వెల్డింగ్ చేయడం నా పని. కోవిడ్ పోయేసరికి పాతవాళ్లు మానేసి దళం మూతపడేట్టు ఉంది. అప్పుడే ఇండియా నుంచి స్టూడెంట్లు ఊరంతా దిగారు. పంజాబులో డోలు కొట్టినవాళ్లు, కేరళలో చెండ కొట్టినవాళ్లు, మనవాళ్లు వచ్చి చేరారు. దళం బతికింది.

కాలేబుది నరసాపురం దగ్గర. మేనమామ సువార్తరాజు గారి బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయిస్తూ పెరిగాడు. చర్చి ఊరేగింపులకి, పెళ్లిళ్లకి, భూస్థాపనలకి అదే బ్యాండు. ఇక్కడ కాలేజీలో చదువుతూ చికెన్ ప్లాంటులో కత్తి పని చేసేవాడు. మణికట్టులో బలం రెండు చోట్ల నుంచీ వచ్చింది. కోపం కూడా ఉండేది. డ్రమ్ము నేల మీద పెట్టినవాణ్ణి అందరి ముందూ కడిగేసేవాడు. "నేల మీద పెడతారేంట్రా? చెప్పులా అవి?"

అచ్యుత్‌ని దళంలోకి తెచ్చింది అతనే. అచ్యుత్ హైదరాబాద్ పిల్లాడు, నిమజ్జనాల్లో తీన్మార్ కొట్టి వచ్చాడు. ఇద్దరూ ఒకే బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లు. వంట కాలేబుది, గిన్నెలు అచ్యుత్‌వి. "అన్నా, అన్నా" అంటూ వెనకాలే తిరిగేవాడు.

ప్రదర్శనలు తయారుచేసేది గ్లెన్. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యాడు. బాకాల స్వరాలు కూర్చడంలో అతనికి సాటి వచ్చేవాణ్ణి నేను చూడలేదు. కానీ అంతకు ముందు ఏడు 'కాలం' అని ఒక షో కట్టి, నా చేత పెద్ద గడియారపు చక్రం చేయించి దానికి గుడ్డ తొడిగించాడు. గాలి వస్తే అది తెరచాపలా మారి ముగ్గుర్ని ఈడ్చుకుపోయింది. బ్రోషర్ చదివినవాడికి తప్ప ఏం జరుగుతోందో ఎవడికీ తెలియలేదు. చదివితే గానీ అర్థం కాని షో సగం చచ్చినట్టే.

అందుకని ఈసారి గ్లెన్ కుర్రాళ్లని కూర్చోబెట్టి మీ ఊళ్ల సంగతులు చెప్పమన్నాడు. కాలేబు మూడు రోడ్ల సెంటర్ సంగతి చెప్పాడు. రెండు బ్యాండులు అక్కడ ఎదురుపడితే ఎవరూ దారి ఇవ్వరు. డ్రమ్ములు తాకేంత దగ్గరకి వచ్చి ఎదురెదురుగా వాయిస్తారు. వాయింపు ఆపినవాడు ఓడినట్టు, పక్కకి తప్పుకోవాలి. ఒకసారి పక్క ఊరి బ్యాండూ మామయ్య బ్యాండూ ఎంతకీ ఆపలేదు. అవతలి వాడు పుల్ల తిరగేసి మామయ్య కంట్లో పొడిచాడు. కంటి నుంచి నెత్తురు డ్రమ్ము తోలు మీద పడుతుంటే, దెబ్బ దెబ్బకీ అది చింది జనం చొక్కాల మీద పడుతుంటే, మామయ్య ఆపలేదు. అవతలివాళ్లే ఆపారు. ఇప్పటికీ ఊళ్లో దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

గ్లెన్ లేచి నిలబడ్డాడు. షో దొరికిందన్నాడు.

దాని బలం నాకూ కనపడింది. సామాను లేదు, బ్రోషర్ అక్కర్లేదు. డ్రమ్ముల దళాన్ని రెండు వరసలుగా చీల్చాడు. కాలేబు వరస ఒక గోల్ వైపు నుంచి, అచ్యుత్ వరస ఇంకో గోల్ వైపు నుంచి వస్తాయి. మధ్యలో ఢీకొంటాయి. చివర్లో అచ్యుత్ వరస మోకాళ్ల మీద కూలుతుంది, కాలేబు వరస వాళ్ల మధ్య నుంచి నడిచి ముందుకొస్తుంది. స్టాండ్లలో ఆఖరి బెంచీ మీద కూర్చున్నవాడికి కూడా ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో తెలుస్తుంది.

బలహీనతలు మెల్లగా బయటపడ్డాయి. మొదటి నిమిషంలోనే ఉన్న శబ్దమంతా వాడేశారు, చివరికి పెంచడానికి ఏమీ మిగల్లేదు. ఎదురెదురుగా నిలబడితే డ్రమ్ముల ముఖాలు జడ్జిల వైపు ఉండవు. దూరం నుంచి వచ్చే దెబ్బ ఆలస్యంగా వినపడి రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి జారేవి. గ్లెన్ ఇవన్నీ పట్టుకుని ఓపికగా దిద్దాడు. అతనూ, మేమూ పట్టుకోనిది ఒకటే. వేసవంతా, వాయించిన ప్రతిసారీ, ఒకే వరస ఓడాలి. మైదానంలో ఓడినవాళ్లు వ్యానులో గెలిచినవాళ్ల పక్కన కూర్చుని ఇంటికెళ్లాలి.

ముందు మాటలతో మొదలైంది. కాలేబు వరసలోవాళ్లు నీళ్ల డబ్బా దగ్గర అవతలి వాళ్లని "మోకాళ్లు" అని పిలిచేవాళ్లు. కాలేబు నవ్వేవాడు. తర్వాత ఢీకొనే చోట మోచేతులు తగిలాయి. ఒకడి పెదవి చిట్లింది. ఇంకొకడి బొటనవేలి గోరు ఊడింది. వంగిన డ్రమ్ము అంచుల్ని నేను సుత్తితో సరిచేసి ఇస్తే మళ్లీ వంచుకొచ్చేవాళ్లు. ఈ దెబ్బలు చూసి గ్లెన్ సంతోషించాడు. ఇప్పుడే నిజంగా ఉందన్నాడు.

జులై చివర్లో ఒక ఆదివారం, రిహార్సల్లో ఆఖరి భాగం వాయిస్తుండగా అచ్యుత్ కూలలేదు. వాడి వరస కూలింది, వాడు మాత్రం నిలబడి వాయిస్తూనే ఉన్నాడు. కాలేబు ఎదురుగా వచ్చి ఆగాడు.

"పడరా," అన్నాడు.

"రోజూ నేనేనా? ఇవాళ నువ్వు పడు." ఈసారి 'అన్నా' అనలేదు.

కాలేబు మోకాలితో వాడి తొడ మీద పొడిచాడు. అచ్యుత్ ఒక మోకాలి మీదికి జారాడు. వాడి ముఖం సరిగ్గా కాలేబు డ్రమ్ము ఎత్తుకి వచ్చింది. కాలేబు అడుగు తగ్గించొచ్చు. తగ్గించలేదు. మొత్తం అడుగు వేశాడు. ఉక్కు అంచు వాడి నోట్లో దిగిన చప్పుడు నేనున్న చోటికి వినపడింది. ముందు పళ్లు రెండు విరిగాయి. పై పెదవి ముక్కు దాకా చీలింది. కాలేబు వాణ్ణి దాటి ముందుకు నడిచి, వరసలో తన చోట నిలబడి, ఆఖరి దెబ్బ దాకా వాయించాడు.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. గ్లెన్ పోలీసుల్ని పిలుద్దామన్నాడు. పోలీసు కేసయితే కాలేబు స్టడీ పర్మిట్ పోతుందనీ, వెనక్కి పంపేస్తారనీ మాకందరికీ తెలుసు. అచ్యుత్ గుడ్డతో నోరు అదుముకునే మాట్లాడాడు. "పోలీసులొద్దు. షో మార్చొద్దు. హామిల్టన్ పోటీల నేను పడ. ఎట్ల పడేస్తడో చూస్త." గ్లెన్ కాలేబుని తీసేస్తానంటే కూడా వాడే ఒప్పుకోలేదు. నేనూ వాణ్ణి ఒంటరిగా పట్టుకుని, ఇంట్లో ఎలా నడుస్తోందని అడిగాను. చెంప మీది వాపుతో నవ్వబోయి మానేశాడు. తన వంతు గిన్నెలు తోముతూనే ఉన్నాడట. ఒకే సింకు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు.

హామిల్టన్ పోటీకి సామాన్ల ట్రక్కు నేను నడిపాను. కాలేబు నా పక్కన కూర్చున్నాడు. దారిలో నేను అడిగింది ఒక్కటే: అచ్యుత్ పడకపోతే ఏం చేస్తావని.

"గ్లెన్‌కి మామయ్య కథ మొత్తం చెప్పలేదండి," అన్నాడు. "పై ఏడు అదే సెంటర్లో మావాళ్లు అవతలి వాడి దవడ పగలగొట్టారు. ఆ పై ఏడు వాళ్లు మా సింబల్స్ వాయించేవాడి చెయ్యి విరిచారు. ఇంకా నడుస్తానే ఉంది. మామయ్య మంచం మీద ఒక్కటే అంటాడు, ఆ రోజు నేనే ఆపుంటే పోయేది గదరా అని. ఆ ముక్క చెప్తే కథ బాగోదని వదిలేశా."



స్టాండ్లు నిండాయి. మొదటి భాగం మేము ఎన్నడూ వాయించనంత బాగా వాయించారు. రెండు వరసలూ గీత గీసినట్టు తిన్నగా వచ్చాయి. ఢీకొన్నాయి. జనం లేచారు. ఆఖరికి అచ్యుత్ వరస కూలింది. అచ్యుత్ కూలలేదు. కుట్లు వేసిన పెదవి బిగించి, డ్రమ్ము ముందుకి నెట్టుకుంటూ కాలేబు మీదికి నడిచాడు. కాలేబు కూడా నడిచాడు. ఇద్దరి పుల్లలూ కనపడనంత వేగంగా ఆడుతున్నాయి. ఇంకో అడుగులో ఒకళ్ల ముఖం పగులుతుందని నాకు అర్థమైంది. చేతిలో పానా ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు.

కాలేబు ఆపేశాడు.

పుల్లలు రెండూ ఎత్తి, అలాగే నిలిచిపోయాడు. అతని వెనక వరసలో కొందరు ఆపారు, కొందరు ఆపలేదు. వాయింపు ముక్కలైంది. అచ్యుత్ ఆపలేదు, ఆగలేదు. వచ్చిన ఊపుతో వచ్చి ఢీకొట్టాడు. తూలి పడబోయిన కాలేబు ఎడమచెయ్యి దించి తన డ్రమ్ము అంచు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే అచ్యుత్ రెండోసారి కొట్టాడు. రెండు ఉక్కు అంచుల మధ్య ఆ వేలు నలిగింది. ఎముక తెల్లగా బయటికి వచ్చింది. కాలేబు మోకాళ్ల మీద కూలాడు. పట్టీ ఊడి డ్రమ్ము గడ్డి మీద పడింది.

అచ్యుత్ మూడోసారి కొట్టడానికి అడుగు వేశాడు. వాడి డ్రమ్ము అంచు కాలేబు నోటి ఎత్తున ఉంది. కాలేబు తల పక్కకి తిప్పుకోలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. అచ్యుత్ అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో నేను చెప్పలేను. బాకాలు ఆఖరి స్వరం పట్టి, వదిలేశాయి. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చూస్తున్నారు.

మైదానం ఖాళీ చేయాలని దళాన్ని నడిపించే డ్రమ్ మేజర్ చెయ్యెత్తాడు. అచ్యుత్ వంగి కాలేబు డ్రమ్ముని ఎత్తాడు. దాని తోలు మీద నెత్తురుంది. చొక్కా చేతితో తుడిచాడు.

"నేల మీద పెడతారా దీన్ని?" అన్నాడు, చీలిన పెదవితో. మళ్లీ, "లే. నడువు," అన్నాడు.

కాలేబు లేచాడు. ఒక డ్రమ్ము కట్టుకుని, ఒకటి భుజాన వేసుకుని అచ్యుత్ ముందు నడిచాడు. చేతిని చంకలో అదుముకుని కాలేబు వెనక నడిచాడు.

మాకు కింది నుంచి రెండో స్థానం వచ్చింది. జడ్జి తన మాటలు రికార్డు చేసి ఇచ్చిన టేపులో, అక్కడ దళం చెదిరిపోయిందనీ, క్షమించరాని తప్పనీ ఉంది. అతను విన్నది నిజమే. తర్వాతి ఏడు గ్లెన్ కూలే వరసని ప్రతి రిహార్సల్‌కీ మార్చేలా కట్టాడు. షో కొంచెం మెత్తబడింది. మార్కులు పెద్దగా పెరగలేదు. ఎవరి పళ్లూ విరగలేదు.

అచ్యుత్ పని దొరికి దూరాన ఉన్న సస్కటూన్ వెళ్లాడు. వెళ్లే ముందు బేస్‌మెంట్‌లో గిన్నెలన్నీ తోమి బోర్లించి వెళ్లాడట. కాలేబుకి ఫోన్ చేయడు, కాలేబూ చేయడు. ఆ డ్రమ్ముకి ఇప్పటికి రెండుసార్లు తోలు మార్చాను. అంచు మీద, వేలు నలిగిన చోట, నొక్కు ఉంది. సుత్తి తీస్తే కాలేబు వద్దంటాడు.