బొట్టు కింద ఎర్ర చుక్క

మధ్యాహ్నం రెండు పదికి క్యాంపు గేటు దగ్గర దిగాను. మైనస్ ఇరవై ఆరు. గాలి పడమర నుంచి. నా వెంట రెండు కిట్ సంచులు, కెనడా ఆర్మీ ఇచ్చిన చలి బూట్లు, అమ్మ పంపిన కుంకుమ డబ్బీ.

సార్నియాలో నా రూమ్మేట్లు, కాలేజీ పిల్లలు, ఇప్పటికీ అడుగుతారు, తుపాకీ పేల్చావా అని. పేల్చాను, ట్రైనింగులో. అప్పుడు నేను పార్ట్‌టైమ్ సోల్జర్ని. శాశ్వత నివాసం, అదే పీఆర్, వచ్చాక డ్రైవరుగా చేరాను. ఆ చలికాలం పదకొండు వారాల డ్యూటీలో నా చేతికిచ్చింది ఒక పాత పికప్ ట్రక్కు, దాని ముందు బిగించి మంచు తోసే స్నో ప్లౌ.

ఆర్డరు ఒక్కటే. గేటు నుంచి రేంజి అనే ట్రైనింగు మైదానం దాకా మూడు కిలోమీటర్ల రోడ్డు పొద్దున ఆరింటికల్లా తెరిచి ఉండాలి. రేంజిలో రిక్రూట్లు చలిలో బతకడం నేర్చుకుంటారు. ఎవరికేమైనా అయితే అంబులెన్సు వచ్చేది ఆ రోడ్డు మీదే.

ప్లౌ బిగించడం నేర్పింది మెకానిక్ కార్పొరల్. నన్ను చూడగానే, "సార్నియా కాలేజీ బ్యాచా? ఇక్కడిక్కూడా వచ్చేశారా మీరు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఎంతమందిమి ఉంటున్నామో పట్టుకోవడానికి మా బేస్‌మెంటు గుమ్మంలో చెప్పుల జతలు లెక్కపెట్టే ఓనరు దగ్గర రెండేళ్ళున్నాను. ఎవరు నవ్వినా వెనక ఏముందోనని వెతకడం నాకప్పటికే అలవాటు.

ట్రక్కును అంగుళం అంగుళం ముందుకు పోనిచ్చి ప్లౌ ఇనప బ్లేడు ఫ్రేముకు ఆనించాలి. రెండు పక్కలా పిన్నులు దించాలి, క్లిప్పులు వేయాలి, వైరు ప్లగ్గు గుచ్చాలి. ముందు బరువుకు సరిపడా వెనక తొట్టిలో ఎనిమిది ఇసుక మూటలు. ఆపినప్పుడల్లా బ్లేడు నేలకు దించాలి. రోజూ బ్లేడు లేపే పంపులో నూనె కొలవాలి. మొదటిసారి బిగించడానికి నాకు గంటా నలభై నిమిషాలు పట్టింది. మూడో వారానికి పదకొండు నిమిషాలు.

కొత్త బండి చేతికొస్తే మనం చేసేదే నేనూ చేశాను. ఎవరూ చూడకుండా పంపు కింద ఫ్రేముకు బొట్టు పెట్టాను. ఇంజను వేడికి మంచు కరిగి అది కారింది. కింద తెల్లటి మంచు మీద ఎర్ర చుక్క. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక బూటుతో మంచు తోసి కప్పేశాను. సోమవారం సోమవారం మళ్ళీ పెట్టేదాన్ని. చుక్క కనపడితే మళ్ళీ కప్పేదాన్ని.

నాలుగో వారం నుంచి పంపులో నూనె తగ్గసాగింది. రోజుకో వేలెడు. నూనె డబ్బాలు, స్పేర్లు ఉండే షెడ్డు తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి, సార్జెంటు దగ్గర, కార్పొరల్ దగ్గర. నా పంపులో నూనె తీసి అక్కడ దాచేది కార్పొరలే అనుకున్నాను. ఆ నూనె కూడా ఎర్రదేనని నాకు తెలుసు. కానీ అనుమానించడానికి మనిషి దొరికాక మంచు మీది మరక సంగతి నాకెందుకు? తగ్గిన కొలతలు నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చాను. పక్కన అతను షెడ్డులోకి వెళ్ళిన టైములు.

అతను రెండుసార్లు అడిగాడు, నీ బండి కింద ఎర్రగా ఏంటని. బొట్టు పట్టుకుని నన్ను ఇరికిస్తాడనుకున్నాను. "ఏం లేదు, నేను క్లీన్ చేస్తాలే" అన్నాను.

ఆరో వారం నోట్‌బుక్కు సార్జెంటు ముందు పెట్టాను. ఆయన పూర్తిగా చదివి, కార్పొరల్ దగ్గర తాళంచెవి తీసేసుకున్నాడు. ఆ రోజు భోజనం నాకు రుచిగా ఉంది. అబద్ధమెందుకు.

తర్వాతి బుధవారం ఐదూ నలభైకి రేడియో మోగింది. రేంజిలో ఐసు మీద జారి ఒక రిక్రూట్‌కి తొడ ఎముక విరిగింది. మాట్లాడింది మెడిక్. కాల్గరీలో పుట్టిన తెలుగు పిల్ల, ఎప్పుడూ ఇంగ్లీషే. ఆ రోజు మాత్రం తెలుగు వచ్చింది.

"అక్కా, కాలు చల్లగా అయిపోతోంది. రోడ్డు ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

మోకాలెత్తు మంచు. గేటు దగ్గర అంబులెన్సు లైట్లు తిరుగుతున్నాయి. నేను లివరు నొక్కాను. బ్లేడు జానెడు లేచి ధడేలున పడింది. మళ్ళీ నొక్కితే కదల్లేదు.

కార్పొరల్ పరుగెత్తుకొచ్చి బండి కింద దూరాడు. ఎర్రటి తడి అంటిన వేలు బయటికి చాపి, "వాసన చూడు" అన్నాడు.

చూశాను. కుంకుమకు ఆ వాసన రాదు. పంపు నుంచి నూనె వెళ్ళే రబ్బరు గొట్టం, హోసు, ఎన్నాళ్ళుగానో చెమ్మగిల్లుతూ వచ్చి, ఆ రోజు పూర్తిగా చీలింది.

కొత్త హోసు, నూనె షెడ్డులో ఉన్నాయి. తాళంచెవి సార్జెంటు జేబులో. సార్జెంటు మంచుకు అవతల, రేంజిలో. పిన్నులు కొట్టే సుత్తితో తాళం నేనే పగలగొట్టాను. హోసు మార్చి, నూనె పోసి, బ్లేడు లేపేసరికి ముప్పై ఒక్క నిమిషాలు. మధ్యలో మెడిక్ నాలుగుసార్లు పిలిచింది. నాలుగోసారి ఏమీ అడగలేదు. "ఉన్నావా అక్కా?" అంది, అంతే.

అంబులెన్సు నా వెనకే నడిచింది. ఆ అబ్బాయి కాలు దక్కింది. రెండు కాలివేళ్ళు దక్కలేదు.

పది గంటలకు సార్జెంటుకు మొత్తం చెప్పాను, బొట్టుతో సహా. ఆయన షెడ్డుకు కొత్త తాళం వేసి, దాని చెవి ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఇది నువ్వే వెళ్ళి అతనికియ్యి. ఎందుకిస్తున్నావో కూడా నువ్వే చెప్పు."

చెప్పాను. కార్పొరల్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "రెండుసార్లు అడిగి వదిలేశాను. మూడోసారి నేనే వంగి చూడాల్సింది" అన్నాడు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచాడు. "ఆ ఎర్రది పెట్టుకో. డ్యాష్‌బోర్డు మీద. కింద మాత్రం వద్దు."

మిగిలిన నాలుగు వారాలు రోడ్డు రోజూ ఐదూ యాభైకే తెరిచాను. మార్చి చివర్లో సార్నియా బస్సెక్కాను. ఇంట్లో రూమ్మేట్లు బిర్యానీ వండి పెట్టి, ఎవర్ని కాపాడావక్కా అని అడిగారు. తినండి, చల్లారిపోతుంది అన్నాను.

ఇప్పుడు ఆర్మీలో లేను. ఉద్యోగానికి నా కారు నేనే నడుపుకుంటాను. మంచు పడ్డ పొద్దున తలుపు తీస్తే చాలు, అదే కనిపిస్తుంది. తెల్లటి నేల మీద మిరపగింజంత ఎర్ర చుక్క. దాని మీదికి మంచు తోస్తున్న బూటు. ఆ బూటు నాదే.