సాయిలు తాత జాగాలో కొమురయ్య

పరువు పోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. నాకు ఒక పరదా లాగినంత సేపు పట్టింది. అదీ నర్సంపేట సగం ఊరు చూస్తుండగా, ఆ రోజు కోసమే కుట్టించుకున్న కొత్త చొక్కాలో. ఎలాగో చెబుతాను, మీరు మాత్రం కాస్త నవ్వాపుకోండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. హన్మకొండలో రెండేళ్లు షాపుల బోర్డులు రాసి ఊరికి తిరిగొచ్చి, నా అంత పెయింటర్ జిల్లాలో లేడని నాకు నేనే తీర్మానించుకున్నాను. మా ఊళ్లో మిలిటరీలో చేసి వచ్చినవాళ్లు ఏడుగురు. పడుచు వయసులో వాళ్లెలా ఉండేవారో అలా మార్కెట్ గోడ మీద బొమ్మలు వేయించాలని పెద్దలు అనుకుని, పని నాకు అప్పగించారు.

ఆరుగురు తమ ఫొటోలు తామే తెచ్చిచ్చారు. ఏడో ఆయన సాయిలు తాత. కంటి ఆపరేషన్ చేయించుకుని హసన్‌పర్తిలో కూతురి దగ్గర ఉన్నాడు. ఆయన భార్య లచ్చవ్వ పెట్టె అడుగు నుంచి ఒక పాత ఫొటో తీసిచ్చింది. అందులో ఇద్దరున్నారు. ఒకడు యూనిఫాంలో, కోరమీసంతో, ఛాతీ విరుచుకుని ఉన్నాడు. రెండోవాడు లుంగీ కట్టుకుని, పరాయి తోటలో మామిడికాయ కోస్తూ దొరికినవాడిలా బిక్కమొహం వేశాడు.

"బిడ్డా, జర ఇను. ఇందుల..." అని లచ్చవ్వ మొదలుపెట్టింది.

"నువ్వేం చెప్పకవ్వా. మిలిటరీ మనిషిని ఆ మాత్రం గుర్తువట్టనా?" అని ఫొటో జేబులో వేసుకుని వచ్చేశాను.

ఆ మీసం చూశాక నా కుంచె ఆగలేదు. మీసాన్ని ఇంకో రెండంగుళాలు లేపాను. వెనక మంచుకొండలు పెట్టాను. ఛాతీ ఖాళీగా ఉందని మూడు మెడల్స్ కూడా తగిలించాను. ప్రభుత్వం ఇవ్వకపోతే నేనిస్తాను, నాదేం పోయింది? అంతా అయ్యేదాకా పరదా కట్టి పురుగును కూడా చూడనివ్వలేదు.

ఆవిష్కరణ రోజు పరదా లాగారు. చప్పట్లు మోగాయి. నల్లకళ్లద్దాలతో వచ్చిన సాయిలు తాత గోడ దగ్గరికి నడిచి, చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

"అందరు మంచిగ కుదిరిండ్రు బిడ్డా. గని నా జాగల మా బామ్మర్ది ఎందుకున్నడు?"

ఆయన సెలవుకు వచ్చినప్పుడు బామ్మర్ది కొమురయ్య ముచ్చటపడితే, ఒక్క ఫొటో కోసం యూనిఫాం ఇచ్చి తను లుంగీ కట్టుకున్నాడట. ఎనుమాములలో మిర్చి వ్యాపారం చేసే ఆ కొమురయ్య కూడా జనంలోనే ఉన్నాడు. ముందుకొచ్చి గోడ మీద తనను తాను చూసుకుని తెల్లబోయాడు.

"నేను బల్లిని జూస్తె మంచమెక్కుత. నన్ను తీస్కపోయి మంచుకొండల నిలవెట్టినవేందయ్యా?" అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. సాయిలు తాత నవ్వలేదు. గోడ పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"మిలిటరీల ఏం జేసినవని ఇన్నేండ్లల్ల ఎవ్వలు అడగలె బిడ్డా. ఇయ్యాల ఈ బొమ్మ జూసన్న అడుగుతరనుకున్న."

నా కొత్త చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పక్కన కూర్చుని, రేపు పొద్దున వచ్చి నా ముందు కూర్చుంటావా తాతా అని బతిమాలాను.

మూడు పొద్దులు కూర్చున్నాడు. కొమురయ్యకు సున్నం కొట్టి, ఎదురుగా ఉన్న ముఖాన్నే, ముడతలతో, నల్లకళ్లద్దాలతో వేశాను. వేస్తూ అడిగాను. ఆయన లారీ డ్రైవర్ అట. మంచు కప్పేసిన దారిలో, లోయ పక్కన, గాయపడ్డవాళ్లను దవాఖానకు చేర్చేవాడట. మొదటిరోజు వింటున్నది నేనొక్కణ్నే. మూడో రోజుకు పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతులూ, కాలేజీకి పోయే ఆడపిల్లలూ గుంపుగా నిలబడ్డారు. మిలిటరీలో చేరాలంటే ఏం చదవాలని ఒక అమ్మాయి అడిగితే, తాత వెన్ను నిటారుగా పెట్టి జవాబు చెప్పాడు. మెడల్స్ కూడా వేయమంటావా తాతా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, స్టీరింగ్ వెయ్యమన్నాడు. వేశాను.

ఆ రోజే గోడ ముందు నిలబడి ప్రతిజ్ఞ చేశాను. ఫొటోలో ఎవరు ఎవరో అడిగి, విని, మళ్లీ అడిగితే తప్ప ఈ జన్మలో కుంచె ముట్టను. ఇప్పటికీ తప్పలేదు. మొన్న ఒక గుడివాళ్లు సీతారాముల పటం తెచ్చి గోడ మీద వేయమన్నారు. ఇందులో హనుమంతుడు ఎవరని అడిగాను. పటం తీసుకుని ఇంకో పెయింటర్ దగ్గరికి వెళ్లిపోయారు.