కోడి నెత్తురుతో గడప దాటింది

తొంభై ఎనిమిదిలో తిరుపతిలో పరిశోధన చేస్తున్న కుముదవల్లి ఒకరు వద్దంటే మానుకునే రకం కాదు. డీఎన్ఏను పట్టుకుని ఉండే ప్రోటీన్ల మీద ఆమె పని. ఆ ప్రోటీన్లలో డీఎన్ఏను పట్టుకునే ముక్క చేపలో, కోడిలో, మనిషిలో దాదాపు ఒకేలా ఉంటుంది. కోడి ఎర్ర రక్తకణాల్లో డీఎన్ఏ ఉంటుంది గనక, ఆ ముక్క కోసం కోళ్ల అంగడికి పోయి సీసాలో నెత్తురు పట్టించుకునేది.

ఇంట్లో ఆ సంగతి తెలిసిన సాయంత్రం తండ్రి శఠగోపం గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన గుళ్లో ఆళ్వార్ల పాశురాలు చదివే గోష్ఠికి పెద్ద.

"పెరట్లో నీళ్లు కాగుతాండాయి. తలకు పోసుకోనిదే లోపలికి రావద్దు. రేపట్నించి ఆ పని మానుకో."

"మానను నాయనా. గోష్ఠిలో ఎవరైనా పాశురంలో ఒక్క అక్షరం మారిస్తే ఏం చేస్తావు?"

"ఆడనే ఆపిస్తా. రాగం ఎట్లన్నా పోనీ, అక్షరం మారకూడదు."

"నేను కోడి నెత్తుర్లో వెతికే ప్రోటీన్ ముక్కా అంతే. కోట్ల ఏండ్లలో చుట్టూ ఉండేదంతా మారిపోయినా ఇది మారలేదు. దీన్ని చెడగొట్టుకున్న జీవి బతకలేదు. కోడి ఒంట్లో ఉండే పాఠమే నీ ఒంట్లోనూ ఉండాది. కోడిని ముట్టి నేను మైలపడితే, నువ్వు పుట్టినప్పట్నించీ మైలే."

శఠగోపం గడప మీంచి జరగలేదు. కుముదవల్లి ఆయన భుజం మీద చెయ్యేసి, పక్కకు జరిపి, లోపలికి నడిచింది.

"నిన్నూ ముట్టుకున్నాను నాయనా," అంది వెనక్కి తిరక్కుండానే. "ఆ నీళ్లు కావాలంటే నువ్వు పోసుకో."